‘వుడ్ యు మైండ్’ అని అడిగితే ‘యెస్ మేడం’ అన్నా. సోఫా బేస్‌మెంట్‌లోనే ఉండిపోయింది

హిందూపురం పిల్ల | మంగళవారం

అందరికీ నమస్తే. నవ్వుకోండి పర్లేదు, నవ్వినాక జవాబు కూడా చెప్పిపోండి.

నేను బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు పక్క ఒక అపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేస్తా. హెల్ప్‌డెస్క్ అని బోర్డు ఉంటుంది గానీ డెస్కూ ఒక్కటే, హెల్పూ నేనొక్కదాన్నే. మూడు టవర్లు, 340 ఇళ్ళు. ట్యాంకర్ ఎందుకు రాలేదు, లిఫ్ట్ ఎందుకు ఆగింది, పైనింటోళ్ళు రాత్రి పదకొండుకి మిక్సీ ఎందుకు వేస్తున్నారు, అన్నీ నా దగ్గరికే. మాట్లాడ్డానికి నాకు భయం లేదు. తెలుగువాళ్ళతో తెలుగు, కన్నడంవాళ్ళతో కన్నడం. మా ఊళ్ళో పిల్లలకి ఎట్లాగూ రెండూ కలిపే వస్తాయి. హిందీ కూడా నెట్టుకొస్తా. ఇంగ్లీషులో రాయాల్సొస్తేనే వేళ్ళు బిగుసుకుంటాయి.

పోయిన శుక్రవారం సాయంత్రం బి టవర్ తొమ్మిదో ఫ్లోర్ మేడం నుంచి వాట్సాప్ వచ్చింది. చానా ఏళ్ళు లండన్‌లో ఉండి వచ్చినావిడ, నెమ్మదస్తురాలు. ‘వుడ్ యు మైండ్ ఇఫ్ వి యూజ్డ్ ద సర్వీస్ లిఫ్ట్ ఆన్ సండే మార్నింగ్? వి హావ్ అ సోఫా టు బ్రింగ్ అప్’ అని. ఆదివారం లిఫ్ట్ వాడుకోవచ్చా అని అడుగుతున్నారని నాకు అర్థమైంది. వాడుకోండి తల్లీ, దానికేముంది అనుకుని ‘యెస్ మేడం’ అని కొట్టి, మర్యాదగా ఉంటుందని పక్కన చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టా.

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం పొద్దున సెక్రటరీ సార్ వచ్చి, "ఏమ్మా, ఆవిడకి లిఫ్ట్ ఎందుకు ఇవ్వనన్నావు?" అన్నారు. నేనెప్పుడన్నా సార్ అంటే ఫోన్లో చూపించారు. నా ‘యెస్’ని ఆవిడ ‘అవును, అభ్యంతరమే’ అని చదువుకున్నారంట. జోడించిన చేతులేమో ‘క్షమించండి’ అని అనుకున్నారంట! సామాన్లు ఎక్కించే కూలీలను వద్దనేశారు, ముందే ఇచ్చిన 1,500 పోయింది. సోఫాని మాత్రం శనివారం రాత్రే షాపువాళ్ళు దించేసి పోయారు. మళ్ళీ ఆదివారం దాకా ఆవిడకి కుదరదంట. ఈరోజుకీ బేస్‌మెంట్లో ఆవిడ కారు పక్కన ప్లాస్టిక్ కవరుతో సహా అట్లే ఉంది. నైట్ డ్యూటీ సెక్యూరిటీ అన్న దానిమీదే కునుకు తీస్తున్నాడని నా అనుమానం. కవరు ఒక మూల చినిగింది.

ఇంతకీ ఒప్పుకోవాలంటే ‘యెస్’ అనాలా, ‘నో’ అనాలా? ‘నో’ అంటే మొహం మీద తలుపేసినట్టు ఉండదా?

ఒకటే అడుగుదామనుకున్నా, రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. నాకన్నా ముందు ఇక్కడ పనిచేసినాయన అన్ని రకాల మెయిళ్ళకీ నమూనాలు ఒక ఫైల్లో పెట్టి పోయాడు. ప్రతిదాని చివరా ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ ఉంటుంది. నేనూ అదే ఎక్కిస్తున్నా. మొన్న ‘వాటర్ ట్యాంకర్ విల్ కమ్ లేట్ టుడే, కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ అని గ్రూపులో పెడితే ఒకాయన ‘వాట్ ఈజ్ ద నీడ్‌ఫుల్? షుడ్ వి పుష్ ద ట్యాంకర్?’ అని రాశాడు. 46 మంది నవ్వు బొమ్మలు పెట్టారు. లెక్కపెట్టుకున్నా.

మారతహళ్ళి పీజీ

అక్కా, మా ఆఫీసులో ‘వుడ్ యు మైండ్’ అని ఎవరన్నా అంటే మేమందరం ‘నో నో యెస్ యెస్ నో ప్రాబ్లం’ అంటాం. ఎటు తిరిగినా సేఫ్. నిజంగా నాకూ తెలీదు, తెలిసినోళ్ళు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా. ట్యాంకర్ తోయడం మాత్రం అదిరింది.

పాత కాల్‌సెంటర్ అక్క

చెల్లీ, ముందు ఓ గ్లాసు మజ్జిగ తాగు. నేను 2004 నుంచి పదకొండేళ్ళు ఈ ఊళ్ళోనే ఒక కాల్‌సెంటర్లో కొత్త పిల్లలకి మాట నేర్పే పని చేశా. ఈ గోతిలో పడని బ్యాచ్ ఒక్కటీ లేదు. మాది నెల్లూరు, ఇప్పుడు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నా.

అక్కడ ‘మైండ్’ అంటే మనసు కాదు, అభ్యంతరం. ఆవిడ అడిగింది లిఫ్ట్ వాడుకోవచ్చా అని కాదు, మేం వాడుకుంటే మీకేమన్నా అభ్యంతరమా అని. ఇదే మాట తెలుగులో అడిగుంటే నువ్వేమనేదానివి? "అయ్యో, ఏం లేదు మేడం, వాడుకోండి" అనేదానివి కదా. ఆ ‘ఏం లేదు’కే ఇంగ్లీషులో ‘నాట్ ఎట్ ఆల్’. కాబట్టి ఒప్పుకోవాలంటే ‘నో’ వైపు ఉండాలి. కానీ ఒట్టి ‘నో’ నువ్వన్నట్టే తలుపేసినట్టు ఉంటుంది. ‘నో, నాట్ ఎట్ ఆల్, ప్లీజ్ గో అహెడ్’ అంటే తలుపు తీసి, లోపలికి రండి అన్నట్టు.

ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా దీనికి ‘షూర్, గో అహెడ్’ అంటూనే ఉంటారు. లెక్క ప్రకారం చూస్తే అది అడ్డదిడ్డమే, అయినా ఎవరూ తికమకపడరు, వెనకాల ‘గో అహెడ్’ ఉంది గనక. నీ ‘యెస్’ వెనకాల ఏమీ లేదు, పైగా దండం బొమ్మ. అందుకే మా పిల్లలకి ఒక కిటుకు చెప్పేదాన్ని: ‘మైండ్’ వినబడిందా, యెస్, నో రెంటినీ పక్కనపెట్టి పని సంగతి చెప్పెయ్. ‘ప్లీజ్ గో అహెడ్ మేడం, ద లిఫ్ట్ ఈజ్ ఫ్రీ ఫ్రమ్ నైన్ టు ట్వెల్వ్’ అంటే లండన్‌లోనూ హిందూపురంలోనూ ఒకటే అర్థం.

దీనికి పక్కనే ఇంకో గొయ్యి ఉంది, అది మరీ లోతు. ‘ట్యాంకర్ రాలేదా?’ అని అడిగితే మనం ‘ఆఁ, రాలేదు’ అంటాం. కన్నడంలోనూ అంతే, ‘బందిల్వా?’ అంటే ‘హౌదు, బందిల్ల’. అడిగినవాడు అనుకున్నది నిజమైతే ఆఁ, కాకపోతే లేదు, వచ్చింది. ఇంగ్లీషుకి అడిగినవాడితో పనిలేదు, ట్యాంకర్‌తోనే పని. వస్తే యెస్, రాకపోతే నో. ‘డిడన్ట్ ద ట్యాంకర్ కమ్?’ అంటే ‘నో, ఇట్ డిడన్ట్’.

2006లో అనుకుంటా, గుంటూరు కుర్రాడొకడు నా బ్యాచ్‌లో ఉండేవాడు. చురుకైనవాడు, గొంతు బంగారం. అమెరికా నుంచి ఒక పెద్దాయన క్రెడిట్ కార్డు బిల్లు గురించి ఫోన్ చేసి, ‘యు హావన్ట్ రిసీవ్డ్ మై చెక్?’ అని అడిగాడు. వీడు కంప్యూటర్లో చూశాడు, చెక్కు రాలేదు. ‘యెస్ సర్’ అన్నాడు. అంటే ‘అవున్సార్, రాలేదు’ అని. ఆయన ‘ఓ, గుడ్, థాంక్యూ సన్’ అని హాయిగా పెట్టేశాడు. తర్వాతి నెల లేటు ఫీజు పడింది. ఆ కాల్ రికార్డింగ్ మా ట్రైనింగ్ రూమ్‌లో స్పీకర్ పెట్టి వినిపించారు. పెద్దాయన ‘సన్’ అన్న చోట మా వాడు తల దించేసుకున్నాడు. వాడి ఇంగ్లీషులో ఒక్క అక్షరం తప్పు లేదు చెల్లీ, ఆ ‘యెస్’ ఒక్కటే తెలుగుది.

ఇక నీడ్‌ఫుల్ సంగతి. కావలసింది చేయండి అంటున్నావు, ఏది కావాలో చెప్పకుండా. ట్యాంకర్ లేటైతే జనం చేయాల్సిందేమిటి? బకెట్లు నింపుకోవాలా, పదింటిదాకా వాషింగ్ మెషీన్ వేయకుండా ఆగాలా? అది రాయి. చేయాల్సింది ఏమీ లేకపోతే ‘సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియెన్స్’ చాలు. ‘కైండ్లీ’ మనకి మెత్తగా వినిపిస్తుంది గానీ బయటిదేశాల వాళ్ళలో చాలామందికి బెత్తం పట్టుకున్న హెడ్మాస్టర్ మాటలా తగులుతుంది. ‘కుడ్ యు ప్లీజ్’ మేలు.

అసలు ‘కుడ్’, ‘వుడ్’ ఎందుకని పిల్లలు అడిగేవాళ్ళు. నేను వాళ్ళనే తిరిగి అడిగేదాన్ని, ఇంట్లో ఎవరన్నా ‘దయచేసి’ అంటారా అని. మా ఆయన అన్నం దగ్గర కూర్చుని ‘దయచేసి కూర వడ్డించు’ అంటే జ్వరమేమో అని నుదురు పట్టుకు చూస్తా. రైల్వే స్టేషన్ మైకు ‘దయచేసి వినండి’ అంటుంది, అంతే. మన మర్యాదంతా క్రియ తోకలో ఉంది: రా, రండి, కూర్చో, కూర్చోండి. కన్నడంలో బా, బన్ని. తోక పెట్టగానే పని అయిపోయింది, వేరే మాటలు అక్కర్లేదు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నువ్వు, మీరు ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు. వాళ్ళు నువ్వుని వదిలేసుకున్నారు. రాజుకీ కుక్కకీ ఒకే ‘యు’ మిగిలింది. తోక పోయింది గనక మర్యాదని వాక్యం ముందుకి తెచ్చి, ప్రశ్నలా మార్చి, భూతకాలంలోకి నెట్టి చూపిస్తారు. వింతేమీ కాదు, మనమూ చేస్తాం. ఎదురుగా నిలబడి ‘ఒక మాట అడుగుదామని వచ్చానండీ’ అంటాం. ఇంకా అడగనేలేదు, కానీ వచ్చాను అని భూతకాలం. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’ అచ్చం అదే.

గ్రామర్ మామ

అమ్మాయి గారు బాగా చెప్పారు. నియమం కూడా తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

‘డు యు మైండ్’ అంటే తర్వాత వర్తమానం: ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్’. ‘వుడ్ యు మైండ్’ అంటే భూతకాలం: ‘ఇఫ్ ఐ శాట్ హియర్’. ఆ లండన్ మేడం ‘యూజ్డ్’ అని రాసింది అందుకే, ఎప్పుడో వాడుకున్నామని కాదు. ‘ఇఫ్’ లేకపోతే క్రియకి ఇంగ్ తగిలించాలి: ‘వుడ్ యు మైండ్ వెయిటింగ్’. ‘టు వెయిట్’ అనకూడదు. ‘ఇఫ్ ఐ’ అంటే చేసేది నేను, ఇంగ్ పెడితే చేయాల్సింది మీరు. ఈ తేడా చాలామంది గమనించరు.

ఉత్తరం చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అని రాస్తారు, అది తప్పు. అక్కడి ‘టు’ క్రియకి సంబంధించింది కాదు, విభక్తి లాంటిది. ‘ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అన్నచోట రిప్లై ఎలా నామమో అలాగే ‘హియరింగ్’ రావాలి.

ఇంకొకటి, ‘క్యాన్ ఐ’ అని అనుమతి అడగటం శుద్ధ తప్పు. మా బళ్ళో ‘క్యాన్ ఐ గో టు టాయిలెట్ సార్’ అంటే మాస్టారు ‘యు క్యాన్, బట్ యు మే నాట్’ అని అక్కడే నిలబెట్టేవారు.

పాత కాల్‌సెంటర్ అక్క

మామగారూ, ఆ మాస్టారు మా నెల్లూరు బళ్ళో కూడా ఉండేవారు, ఆయన చలవ వల్ల మా క్లాసులో ఒకడు నిక్కరు తడుపుకున్నాడు. మిగతావన్నీ మీరు చెప్పినట్టే. ‘క్యాన్ ఐ’ ఒక్కదాని దగ్గర ఒప్పుకోను. ఈమధ్య నిఘంటువుల్లోనే ‘క్యాన్’కి అనుమతి అర్థం రాసి ఉంటుంది. ‘మే’ కాస్త ఇస్త్రీ బట్ట, ‘క్యాన్’ ఇంట్లో కట్టుకునేది. హెల్ప్‌డెస్క్ చెల్లి ఫోనెత్తి ‘హౌ క్యాన్ ఐ హెల్ప్ యు’ అన్నా, ‘హౌ మే ఐ హెల్ప్ యు’ అన్నా ఎవరూ నిలబెట్టరు.

హెచ్ఎస్ఆర్ నుంచి

నీడ్‌ఫుల్ మీద ఇంత వెక్కిరింత నాకు నచ్చలేదు. అది మనం పుట్టించిన మాట కాదు. తెల్లదొరల ఆఫీసు ఉత్తరాల్లోంచే వచ్చింది, అక్కడ పాతబడిపోయింది, మన ఫైళ్ళలో నిలిచింది. అమ్మమ్మ ఇంట్లో ఇత్తడి బిందెలాగ. మన బ్యాంకు మేనేజరుకి, మన తాలూకాఫీసుకి రాసేటప్పుడు వాడితే ఏం పోయింది? ఆయనకి నీడ్‌ఫుల్ ఏంటో మనకన్నా బాగా తెలుసు. ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ని ఎవరన్నా గ్రామర్ అడుగుతారా? బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టే మాట అది, ఏ ‘వుడ్ యు మైండ్’ వల్లా అంత పని కాదు.

నిజంగా డబ్బు నష్టం తెచ్చే మాటలు వేరే ఉన్నాయి. నాకు తగిలింది ‘అట్ ద ఎర్లియెస్ట్’. మనకి అది ‘వీలైనంత తొందరగా’. నేను ఒక క్లయింటుకి ‘ప్లీజ్ సెండ్ ద సైన్డ్ కాపీ ఆన్ మండే అట్ ద ఎర్లియెస్ట్’ అని రాశా, సోమవారమే పంపించు బాబూ అన్న ఉద్దేశంతో. వాళ్ళకి అర్థమైంది ‘సోమవారం కన్నా ముందు మాత్రం వద్దు’ అని. తీరుబడిగా గురువారం పంపారు. అడిగితే నా వాక్యమే నాకు చూపించారు. ఇప్పుడు ‘బై మండే, ఇఫ్ పాసిబుల్’ అని రాస్తున్నా.

‘ఐ హావ్ అ డౌట్’ కూడా అలాంటిదే. తెలుగులో సందేహం వేరు, అనుమానం వేరు. సందేహం అడిగి తీర్చుకునేది, అనుమానం మనిషి మీద పడేది. ‘డౌట్’ అటువైపు అనుమానానికి దగ్గర. మీటింగులో మనవాడు ‘ఐ హావ్ అ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అన్నాడు, ఏదో అర్థంకాక అడుగుదామని. అవతలి మనిషి మొహం ముడుచుకుని పావుగంట తన డిజైన్ ఎందుకు మంచిదో వాదించాడు. ‘ఐ హావ్ అ క్వశ్చన్’ అంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

మారతహళ్ళి పీజీ

అమ్మో, నేను రోజుకి పది డౌట్లు అడుగుతా మా మేనేజర్ని. అందుకేనా అప్రైజల్లో ‘ట్రస్ట్ యువర్ టీమ్’ అని రాశాడు?

హిందూపురం పిల్ల | బుధవారం

అక్కా, మామా, అన్నా, అందరికీ థాంక్స్. థాంక్స్ చెప్తే ‘మెన్షన్ నాట్’ అనకూడదంట కదా, ‘యు ఆర్ వెల్‌కమ్’ అనాలంట. మనమైతే ‘అయ్యో, దానికేముందిలే’ అని చెయ్యి ఊపేస్తాం, అది ఎట్లా టైప్ చేయాలో తెలీదు.

ఆ గుంటూరు అబ్బాయి సంగతి చదివి నా పాత మెసేజ్‌లన్నీ తిరగేశా. ‘ఈజన్ట్ ద జిమ్ ఓపెన్ టుడే?’ అని ఒకరడిగితే ‘యెస్, క్లోజ్డ్’ అని రాసుంది. యెస్ క్లోజ్డ్! పాపం ఆయన ఏమనుకున్నాడో, షూ వేసుకుని దిగొచ్చినట్టు గుర్తు.

మేడంకి పొద్దున ఇట్లా రాశా, చూసి చెప్పండి: ‘డియర్ మేడం, ఐ యామ్ సారీ అబౌట్ ఫ్రైడే. ఐ మెంట్ దట్ యు కుడ్ యూజ్ ద లిఫ్ట్. ఇట్ ఈజ్ ఫ్రీ దిస్ సండే ఫ్రమ్ నైన్ టు ట్వెల్వ్. ఐ విల్ బి దేర్.’ దండం బొమ్మ పెట్టలేదు. చెయ్యి దానిమీదికి పోయింది, వెనక్కి లాక్కున్నా.

పాత కాల్‌సెంటర్ అక్క

బంగారంలా ఉంది. ఒక్క మాట మార్చొద్దు. ‘ఐ విల్ బి దేర్’ అన్నావు చూడు, అదే అన్నిటికన్నా మర్యాద.

హిందూపురం పిల్ల | ఆదివారం

సోఫా ఎక్కేసింది! పొద్దున తొమ్మిదిన్నరకి కూలీలు వచ్చారు. లిఫ్ట్‌లో అడ్డంగా పట్టలేదు, నిలబెట్టి ఒక మూలకి వాల్చి తోశారు. కూలీలందరూ రాయచూరు వైపువాళ్ళు, తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడుతున్నారు. నేను లిఫ్ట్ దగ్గరే ఉన్నా. తలుపు ఊరికే మూసుకుంటుంటే మేడం నావైపు తిరిగి ‘వుడ్ యు మైండ్ హోల్డింగ్ ద డోర్?’ అన్నారు. మామ చెప్పిన ఇంగ్, పని నాది. అక్క చెప్పిన ‘నాట్ ఎట్ ఆల్’ నాలుక చివరిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం ‘యెస్ మేడం’. అప్పటికే రెండు చేతులతో తలుపు పట్టుకునే ఉన్నా గనక ఆవిడ నవ్వేశారు, నేనూ నవ్వేశా.

కూలీల అడ్వాన్స్ 1,500 నేనిస్తానంటే వద్దన్నారు. పైకి పిలిచి కాఫీ ఇచ్చారు, ఆ సోఫా మీదే కూర్చున్నా.

మారతహళ్ళి పీజీ

సూపర్ అక్కా. మరి కవరు చింపింది ఎవరో తేలిందా?

హిందూపురం పిల్ల

పిల్లి అంట. సెక్యూరిటీ అన్న చెప్పాడు.